అడుగున ఇసుకా, బురదా, నాచా, బండా: లంగరు దేనికి ఎట్లా వెయ్యాలి?

హన్మకొండ_తెరచాప
జూన్‌లో ఐదుగురం దోస్తులం గ్రీస్ పోతున్నాం. అయోనియన్ దీవుల దగ్గర 38 అడుగుల తెరచాప బోటు అద్దెకు మాట్లాడుకున్నాం. లైసెన్సు మాలో ఒకడికే ఉంది. నేను హుస్సేన్ సాగర్‌లో చిన్న బోట్లు నేర్చుకున్నోణ్ణి, అక్కడ లంగరుతో పనే పడదు, ఒడ్డుకొచ్చి తాడు కట్టేసుడే. ఇక్కడేమో రాత్రిపూట ఏదో ఒక దీవి చాటున లంగరేసి పడుకోవాలి.
అడిగితే తలా ఒక మాట చెప్తున్నారు. ఒకాయన బరువు చూసుకో అంటాడు, ఇంకొకాయన గొలుసు ఎంత వదిలావన్నదే లెక్క అంటాడు, యూట్యూబ్ తెరిస్తే కొత్త రకం కొంటే తప్ప నిద్రపట్టదంటాడు. మొన్న మానేరు డ్యాంల దోస్తు ఫైబర్ బోటు మీద నాలుగు కొక్కేల మడత లంగరు వేసి చూసినం. సాయంత్రం గాలి తిరగంగనే బోటు మెల్లగా కట్ట దిక్కు నడిచింది. పైకి లాగితే కొక్కేలకు గుప్పెడు నాచు. వాడేమో "లంగరు చిన్నది, అంతే" అంటాడు. నిజంగా అంతేనా?

కాజీపేట_జంక్షన్
వరంగల్‌కు సముద్రం ఎప్పుడొచ్చింది భాయ్? మా రైల్వే గేటు కాడికి వస్తే చెప్పు, ప్లాట్‌ఫారం టికెట్ తీస్కుంట.

షాకిల్_27
మాది నర్సంపేట, ఉద్యోగం సరుకు ఓడల మీద. అడుగు ఏంటో తెలుసుకోవడం మొదటి పని, లంగరు తర్వాత. చార్టు మీద లోతు అంకెల పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. ఇసుకకు ఎస్, బురదకు ఎమ్, బంకమట్టికి సీవై, బండకు ఆర్, నాచుకు డబ్ల్యూడీ. చాలామంది లోతు చూసి ఆ అక్షరం వదిలేస్తారు. పాత రోజుల్లో సీసపు గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు కూరి దించేవాళ్లు, పైకి తీస్తే ఇసుకో గవ్వ ముక్కలో అంటుకొని వచ్చేవి. అది ఇవాళ్టికీ పనిచేస్తుంది, గ్రీజు చాలు.
ఇక బరువు సంగతి. ఓడ నిలబడేది లంగరు ఒక్కదాని వల్ల కాదు, అడుగున పడుకున్న గొలుసు వల్ల కూడా. మా లెక్క షాకిళ్లలో నడుస్తుంది, ఒక్కో షాకిల్ 27.5 మీటర్లు. గొలుసు బరువుకు కిందికి వంగి ఉన్నంతసేపు లంగరు మీద లాగుడు నేలకు సమాంతరంగా ఉంటుంది, లంగరు పైకి లేవదు. మీ మడత లంగరుకు గొలుసు ఉందా, వట్టి తాడేనా?

హన్మకొండ_తెరచాప
వట్టి నైలాన్ తాడు అన్నా. లోతుకు రెండింతలు వదిలి ఉంటడు.

షాకిల్_27
అయితే లంగరును తిట్టకండి.

దుబాయ్_డెక్
మాది జగిత్యాల. దుబాయ్‌ల ఒక సేఠ్ యాట్ మీద డెక్ పని చేస్త. షాకిల్ అన్న చెప్పింది పెద్ద ఓడకు కరెక్టే, చిన్న బోటుకు సగమే కరెక్టు. గాలి మెల్లగ ఉన్నప్పుడు గొలుసు వంగుతది, నిజమే. ఈ గల్ఫ్‌ల గట్టిగ కొట్టే షమాల్ గాలి లేసిందనుకో, గొలుసు కడ్డీ లెక్క బిగుసుకపోతది, ఇగ వంపు గింపు ఏం ఉండదు. గాలి రెండింతలైతే బోటు మీద గుంజుడు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. గప్పుడు నిన్ను కాపాడేది గొలుసు బరువు కాదు, గొలుసు పొడుగు. పొడుగుంటెనే గుంజుడు నేల మీదికెల్లి పోతది, పొట్టిగుంటే లంగరును పైకి పెకిలిస్తది.
ఇంకోటి. ఈడ గల్ఫ్‌ల అడుగు చూస్తే తెల్ల ఇసుక, మస్తుగ కనవడ్తది. గని చాన జాగలల్ల ఆ ఇసుక జానెడే, కింద బండ పలక. లంగరు మొన ఇసుకల దిగి బండకు తాకి ఆగుతది, పక్కకు పడి జారుతది. పైకి తీసినప్పుడు చూడు, ఇసుకల మంచిగ దిగిన లంగరు మొన నున్నగ మెరుస్తది. బండ మీద గీకినదానికి అడ్డం గీతలుంటయి, మొన మొద్దు వారుతది.
జారుతున్నదా లేదా ఎట్ల తెలుస్తదంటే, ముంగటికి పోయి గొలుసు మీద అరచెయ్యి పెట్టు. మంచిగ పట్టుకుంటే గొలుసు బిగుసుకుంటది, వదులైతది, మళ్ల బిగుసుకుంటది, గంతే. జారుతుంటే గర్‌గర్‌మని వణుకు చేతికి తెలుస్తది. గది తెలిస్తె ఏ యాప్ అవసరం లేదు.

హన్మకొండ_తెరచాప
ఆ పొడుగు లెక్కే కావాలి. ఒకరు 3 అంటారు, ఒకరు 5, ఒకరు 7. దేనికి 7?

షాకిల్_27
లోతుకు అన్ని రెట్లు. మొత్తం గొలుసే అయితే మామూలు వాతావరణంలో 4 నుంచి 5, గాలి పెరిగితే ఇంకా. కొంచెం గొలుసు, మిగతా తాడు అయితే 7. మధ్యాహ్నం అన్నం తినేదాకా ఆగడానికి, బోటులో మనిషి మెలకువగా ఉంటే 3 చాలు. అయితే లోతు అంటే ఏది అన్నదే అందరూ వదిలేసేది. లంగరు గొలుసు దిగేది బోటు ముక్కు నుంచి కదా, నీటి మట్టం నుంచి కాదు. పైగా లోతు మీటరు కొన్ని బోట్లలో కీలు, అంటే బోటు అడుగున కిందికి దిగి ఉండే రెక్క, దాని కింద నుంచి చూపిస్తుంది. మీటరు 4 చూపింది, కీలు నీళ్లలోకి 2 మీటర్లు, ముక్కు నీటి పైన 1 మీటరు. అసలు లెక్క 7, అయిదు రెట్లంటే 35 మీటర్లు. మీటరు అంకెను నమ్మి 20 వదిలితే నీకు మిగిలింది మూడుకన్నా తక్కువ. బోటు అప్పగించేటప్పుడు మీటరు ఎక్కడి నుంచి కొలుస్తోందో అడుగు.
ఆటుపోట్లు కూడా కలపాలి. గ్రీస్‌లో దాదాపు లేవనుకో. మా ఓడ భావనగర్ దిక్కు పోతే కథ వేరే, అక్కడ నీళ్లు 10 మీటర్ల దాకా లేస్తాయి, దిగుతాయి.

గంగమ్మ_కొడుకు
ములుగు దిక్కు మాది, చేపల సొసైటీల సభ్యున్ని. ఈ గొలుసులు, రెట్లు మాకెవ్వరు చెప్పలె. లక్నవరంలనైనా, పాకాలలనైనా మేము తెప్పకు తాడు కట్టి గుండు రాయి ఇడుస్తం, వల పని అయ్యేదాంక నిలవడ్తది. గని ఒకటి సమజైంది. నాగలిని కాడికి మరీ దగ్గరికి కడితే కర్రు పైపైన గీకుతది గదా, దిగదు. తాడు పొట్టిగైతే లంగరు గట్లనే అన్నట్టు.

దుబాయ్_డెక్
కాక నువ్వు ఒక్క మాటల తేల్చినవ్. మా కెప్టెన్ తెల్ల బోర్డు మీద గంట గీసిండు దీనికి.

రేగడి_నేల
నిట్‌లో నేల యాంత్రిక శాస్త్రం మీద పనిచేస్తున్నా, బోటు ఎక్కింది లేదు, కానీ ఈ ప్రశ్న మా సబ్జెక్టే. లంగరు అంటే తిరగేసిన పునాది. ఇంటికి నేల కింద నుంచి మొయ్యాలి, లంగరుకు నేల పక్క నుంచి అడ్డుకోవాలి.
ఇసుక పట్టేది రాపిడితో. గింజకు గింజకు అతుకు ఉండదు, మీద ఎంత బరువు ఉంటే అంత బిగువు. అందుకే ఇసుకలో లంగరు లోతుకు దిగిన కొద్దీ పట్టు బాగా పెరుగుతుంది, పైపైన ఉంటే దాదాపు సున్నా. బంకమట్టి వేరు, అది అతుకుతో పడుతుంది, అక్కడ లెక్క లంగరు రెక్క వైశాల్యానిది. మెత్తటి బురద మరీ పలచన, కాబట్టి ఎంత వెడల్పు రెక్క ఉంటే అంత మంచిది, అదీ ఇంకా నిలువుగా దిగాలి. డాన్‌ఫోర్త్ తరహా పలక లంగర్లలో రెక్కకు కాడకు మధ్య కోణం ఇసుకకు 32 డిగ్రీల దగ్గర పెడతారు. ఫోర్ట్రెస్ లాంటి వాటిలో మెత్తటి బురదకు దాన్ని 45కు మార్చుకోవచ్చు. కారణం ఇదే.
బురద గురించి ఇంకొకటి. కదిపిన బంకమట్టి బలం కోల్పోతుంది, కాసేపు వదిలేస్తే కొంత తిరిగి తెచ్చుకుంటుంది. అందుకని బురదలో లంగరు వేసిన వెంటనే ఇంజను వెనక్కి గట్టిగా తొక్కితే ఊడి వస్తుంది. వేసి, టీ తాగి, అప్పుడు మెల్లగా లాగి చూడాలి. గట్టి రేగడిలో ప్రమాదం ఇంకో రకం. ఒకసారి జారిందంటే రెక్కల మధ్య మట్టి పెళ్ల ఇరుక్కుంటుంది, ఇక అది లంగరు కాదు, ముద్ద. మళ్లీ దిగదు. పైకి తీసి, కడిగి, కొత్తగా వెయ్యాల్సిందే.
@గంగమ్మ_కొడుకు మీ రాయి లెక్క చెప్తా. 50 కిలోల నల్లరాయి నీళ్లలో 31, 32 కిలోలే తూగుతుంది. రాపిడి అందులో సగం అనుకున్నా, అడ్డంగా 16 కిలోలు లాగితే కదులుతుంది. తెప్పకు గాలి తగిలే ఎత్తే లేదు కాబట్టి సరిపోతోంది. పైగా పూడికలో రాయి కూరుకుపోయి బురద పీల్చుకుంటుంది, అది మీకు లాభం. అదే 15 కిలోల మంచి లంగరు ఇసుకలో పూర్తిగా దిగితే వందల కిలోల లాగుడు ఆపుతుంది. బరువు దిగడానికి సాయం మాత్రమే, పట్టేది నేల.

గంగమ్మ_కొడుకు
పీల్చుకుంటది అన్నది నూటికి నూరు. రాయి ఎత్తంగ నడుము ఇరుగుతది. మిషన్ కాకతీయల పూడిక తీసిన చెరువులల్ల మొదటి రెండేండ్లు రాయి జారుతుండె, అడుగు మొరం తేలింది గదా. మళ్ల ఒండ్రు పడ్డంక నిలవడ్తున్నది.

కాజీపేట_జంక్షన్
మరి రామప్ప గుడి 1213 నుంచి ఇసుక మీదనే నిలవడ్డది. ఏ లంగరు ఏసిండ్రు మేడం?

రేగడి_నేల
అది పెట్టెలో బంధించిన ఇసుక, పక్కకు పోలేదు. బంధిస్తే ఇసుకంత గట్టిది లేదు. సముద్రం అడుగున అలలు కదిపే వదులు ఇసుకతో పోల్చకు. మీ ప్లాట్‌ఫారం కింద ఏముందో ఎప్పుడైనా చెప్తా.

మోటుపల్లి_రేవు
మనకు సముద్రం ఎప్పుడొచ్చిందని వెక్కిరించినాయనకు: 1244లో. గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చూడండి. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా జప్తు చేసేవాళ్లట. ఓరుగల్లు రాజు అది మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాయించాడు. లంగరు తెగినా బతుకు తెగొద్దన్న రాజ్యం మనది. థ్రెడ్ పక్కదారి పట్టించినందుకు తిట్టకండి.

కాజీపేట_జంక్షన్
సరే ఒప్పుకున్న. ప్లాట్‌ఫారం టికెట్ వాపస్.

పరకాల_హాంబర్గ్
గ్రీస్ అన్నారు కాబట్టి అసలు శత్రువు గురించి ఎవరూ మాట్లాడలేదు, నాచు. అయోనియన్‌లో నీళ్లు గాజులా ఉంటాయి, పై నుంచి చూస్తే అడుగు లేత నీలం మచ్చలు, ముదురు మచ్చలుగా కనిపిస్తుంది. లేతది ఇసుక, ముదురుది ఎక్కువసార్లు పోసిడోనియా అనే సముద్రపు గడ్డి. ముదురు మచ్చలో వేస్తే లంగరు గడ్డి వేర్ల దుబ్బు మీద కూర్చుంటుంది, పట్టుకున్నట్టే ఉంటుంది, రాత్రి గాలికి దుబ్బుతో సహా వస్తుంది. మీ మానేరు కథ అదే. పైగా ఆ గడ్డి ఏడాదికి పెరిగేది కొన్ని సెంటీమీటర్లే. స్పెయిన్‌లో బలేరిక్ దీవుల దగ్గర 2018 నుంచి దాని మీద లంగరు వేయడమే నిషేధం. ఫ్రాన్స్ తీరంలో 24 మీటర్లు, ఆపై పొడుగున్న బోట్లను చాలా చోట్ల ఆ గడ్డి మీద లంగరు వెయ్యనివ్వరు.
కాబట్టి మధ్యాహ్నం ఎండ ఇంకా పైన ఉండగానే చేరండి. సాయంత్రం ఏటవాలు వెలుతురుకు నీళ్లు అద్దంలా మెరిసి అడుగు కనపడదు. లేత మచ్చ మధ్యలో ముక్కు ఉంచి, బోటు పూర్తిగా ఆగాక లంగరు దించండి, విసరొద్దు. అది నేలను తాకాక బోటు వెనక్కి జారుతుంటే గొలుసు పరుచుకుంటూ వదలండి. కుప్పగా వదిలితే గొలుసు లంగరు మీదే పడి చుట్టుకుంటుంది. మొత్తం వదిలాక ఇంజను రివర్సులో మెల్లగా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. చివర్లో కళ్లద్దం పెట్టుకొని నీళ్లలోకి దూకి చూసి రండి. జూన్‌లో నీళ్లు బాగుంటాయి, ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. లంగరు పక్కకు పడి ఒక రెక్క బయటుంటే మళ్లీ వెయ్యండి, సిగ్గుపడొద్దు.

హన్మకొండ_తెరచాప
ఈత రానోడు ఇద్దరున్నరు మాలో 😀 నేను దూకుత. గ్రాప్నెల్ (మా నాలుగు కొక్కేల లంగరు) కాకుండా అద్దె బోటుకు ఏ లంగరు ఇస్తరు?

పరకాల_హాంబర్గ్
నువ్వు ఎంచుకునేది ఏమీ ఉండదు. సాధారణంగా డెల్టానో, బ్రూస్ నకలో ఉంటుంది, అదృష్టం ఉంటే రోక్నా తరహా. పాత బోటైతే సీక్యూఆర్ నాగలి కూడా దొరకొచ్చు. అది 1933 నాటి డిజైను, జీ.ఐ. టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త నీటి విమానాల కోసం చేశాడు. అప్పట్లో గొప్పదే, ఇప్పటివాటి ముందు గట్టి ఇసుకలో పక్కకు పడి దున్నుకుంటూ పోతుంది. నా మటుకు కొత్త తరహా మొనదేలిన పలక లంగరు ఇసుకలో, గడ్డిలో త్వరగా దిగుతుంది.

షాకిల్_27
కొత్త తరహా అంటేనే నాకు చిరాకు. మనిషి వెయ్యడం నేర్చుకుంటే పాతదీ ఆగుతుంది. భయంగా ఉంటే రెండోది వెయ్యండి, ముందు వైపు 45 డిగ్రీల ఎడంలో.

పరకాల_హాంబర్గ్
రెండు లంగర్లా? వారం రోజులు అద్దెకు తీసుకున్న ఐదుగురికి? రాత్రి గాలి తిరిగి బోటు రెండు చుట్లు చుట్టిందంటే రెండు గొలుసులు జడలా అల్లుకుంటాయి, తెల్లారి పీకలేరు. పక్కన ఒక్క లంగరు మీద ఉన్న బోటు ఒక రకంగా తిరుగుతుంది, నువ్వు ఇంకో రకంగా. ఢీకొంటారు. ఒక్కటి వేసి గొలుసు ఎక్కువ వదలడమే మేలు.

షాకిల్_27
తిరగడానికి చోటు లేని ఇరుకులో గొలుసు ఎక్కువ ఎట్లా వదులుతావు? 50 మీటర్లు వదిలితే చుట్టూ అంత గుండ్రం ఖాళీ కావాలి.

పరకాల_హాంబర్గ్
అప్పుడు వెనక తాడు తీసుకెళ్లి ఒడ్డున చెట్టుకో బండకో కట్టాలి. అక్కడ అందరూ చేసేది అదే.

షాకిల్_27
అది ఒప్పుకుంటా. తుఫాను వస్తుంటే మాత్రం నా మాట మారదు.

దుబాయ్_డెక్
బండ గురించి ఎవ్వరు చెప్పకపాయె. బండ మీద దిగుడు ఉండదు, ఇరుకుడే. గ్రాప్నెల్ గాని, పాత కాలం అడ్డకర్ర లంగరు గాని పగుల్ల ఇరుకుతది. మస్తు పట్టుకుంటది, కష్టమంత తీసుట్ల. ముందుగాల్నే లంగరు తల దిక్కు ఒక సన్న తాడు కట్టి పైన బుడ్డి తేలనియ్యాలె. ఇరికితే ఆ తాడు గుంజితే ఎనుకకెల్లి వస్తది.

గంగమ్మ_కొడుకు
మిడ్ మానేరుల పనికి పోయినప్పుడు చూసిన. ముంపు ఊర్ల గోడలు, చెట్ల మొద్దులు కిందనే ఉన్నయి. ఆడి తమ్ముండ్లు లంగరు తాడును కొక్కేల దిక్కు ముడేసి, కాడ పొడుగున తెచ్చి, కాడ కొసకు సుతిలితోని ఒక్క ముడి ఏస్తరు. మామూలుగ గుంజితే లంగరు లెక్కనే పట్టుకుంటది. ఇరికిందా, నిట్టనిలువు మీదికి పోయి గట్టిగ ఒక్క గుంజు. సుతిలి టప్పున తెగుతది, తాడు కొక్కేల దిక్కు నుంచి గుంజుతది, లంగరు ఎల్లకిల ఊడొస్తది. బుడ్డి గిడ్డి అక్కర్లేదు.

పరకాల_హాంబర్గ్
ఇది అచ్చంగా ఇక్కడ చేపల బోట్లవాళ్లు చేసేదే. కానీ @హన్మకొండ_తెరచాప, రాత్రి పడుకునేటప్పుడు ఆ సుతిలి వద్దు. గాలి జర్కుకు అదే తెగితే బోటుతో పాటు మీరూ పోతారు. నాలుగు చేపలు పట్టేదాకా సరే.

గంగమ్మ_కొడుకు
రాత్రి ఎవడు పండుకుంటడు నీళ్ల మీద, ఇల్లు లేదా?

గోదారి_ఇసుక
మంథని నుంచి. నది గురించి ఒక ముక్క. గోదావరిలో ఇసుక అడుగని ధైర్యం చేయొద్దు. పారే నీళ్లలో లంగరు చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, లేదంటే మీద మేట పడి లంగరే పూడిపోతుంది. కాళేశ్వరం దిక్కు వరద దిగాక తాళ్లు మాత్రం పైకి కనపడుతుంటాయి. పైన గేట్లు ఎత్తితే చెప్పా పెట్టకుండా నీళ్లు పెరుగుతాయి కూడా, లోతు మారితే రెట్ల లెక్క పోయినట్టే. చెరువు లెక్క నదికి, నది లెక్క సముద్రానికి పనికిరాదు.

హన్మకొండ_తెరచాప
రాత్రి జారుతుందో లేదో తెలిసేదెట్లా? అందరం పడుకుంటే?

షాకిల్_27
వెలుతురుండగానే ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకో, ముందొకటి దాని వెనక దూరంగా ఒకటి, ఒకే వరసలో. గుడి గోపురం, దాని వెనక కొండ మీద టవర్ అనుకో. పక్క దిక్కున ఇంకో జత. బోటు ఊగితే వరస కొద్దిగా విడిపోయి మళ్లీ కలుస్తుంది, జారితే విడిపోయింది కలవదు. చీకటిలో దీపాలున్న గుర్తులే ఎంచుకో. జీపీఎస్ అలారం కూడా పెట్టుకో, కానీ లంగరు నేలను తాకిన క్షణంలో పెట్టాలి, గొలుసంతా వదిలాక కాదు. ఆలస్యంగా పెడితే అలారం వలయం కేంద్రం తప్పుతుంది.

కాజీపేట_జంక్షన్
ఐదుగురిలో ఒకణ్ణి వంతులవారీగా మెలకువగా ఉంచుతరా? మావోళ్లైతే పేకాటతోని అందరు మెలకువగనే ఉంటరు.

దుబాయ్_డెక్
బోటు తీసుకునే రోజే లంగరుకు గొలుసుకు కలిపే ఇనుప కొండి (దీన్ని గూడ షాకిల్ అనే అంటరు) పిన్ను చూడు, సన్న తీగతో కట్టి ఉండాలె. కట్టకుంటే తిరిగి తిరిగి ఊడుతది, కిందికి పోయేది లంగరొక్కటే, గొలుసు నీ చేతిల. గొలుసు రెండో కొస లోపల తాడుతోని బోటుకు కట్టి ఉందా అన్నది గూడ చూడు. మీటర్ల గుర్తుకు గొలుసుకు ఏ రంగు పూసిండ్రో అడుగు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 2 కిలోల పైనే, చేత్తో గుంజుడు అనుకుంటవేమో, నడుము పోతది.
పగలు ముందు వైపు నల్ల బంతి వేలాడదియ్యాలె, రాత్రి అన్ని దిక్కుల కనవడే తెల్ల లైటు. ఆ బంతి బోటు పెట్టెల మడిచి ఉంటది, ఎవ్వడు తియ్యడు. తియ్యి.

పరకాల_హాంబర్గ్
ఇంకా ఒకటి, విండ్లాస్, అంటే గొలుసు ఎత్తే యంత్రం. దాంతో బోటును లంగరు దాకా లాక్కోవద్దు. ఇంజనుతో మెల్లగా ముందుకు పోతూ వదులైన గొలుసును మాత్రమే దాంతో ఎత్తండి. రాత్రి ఆగినప్పుడు గొలుసు భారం విండ్లాస్ మీద ఉంచకుండా నైలాన్ తాడు కొక్కెంతో గొలుసుకు తగిలించి, దాన్ని ముందు గుంజకు కట్టండి. సాగే తాడు కుదుపు మింగుతుంది, గొలుసు గరగర చప్పుడూ ఉండదు. విండ్లాస్ కరెంటు బ్రేకర్ ఎక్కడుందో మాత్రం బోటు అప్పగించేవాణ్ణి అడిగి తీరండి. ఏ కుర్చీ కింద దాచారో అర్ధరాత్రి టార్చితో వెతకడం నరకం.